కేక వినపడే దూరం

ఉప్మాలో ఉప్పెక్కువైతే మా నాన్నగారు ఎక్కువైందని చెప్పేవారు కాదు. "ఉప్పు విషయంలో కొంత సందేహానికి తావుంది" అనేవారు. చిన్నప్పుడు ఆ మాటకి పడీపడీ నవ్వేదాన్ని, పెద్దయ్యాక విసుక్కునేదాన్ని. ఆయన పోయాక ఇప్పుడు నా కూరలో ఉప్పెక్కువైనప్పుడల్లా అదే మాట నోటికి వస్తుంది. హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్ళు విన్న జడ్జి ఆయన. ఇంట్లో కూడా ఎవరి మాటా ఒకపట్టాన నమ్మేవారు కాదు, అలాగని ఎవరినీ అబద్ధమాడావని అనేవారూ కాదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ గుణాన్ని తను భరించింది. అమ్మ పోయాక ఆ వంతు నాకొచ్చింది.

ఆయన పుట్టింది కృష్ణ ఒడ్డున. తాతగారు పట్టుబట్టి లండన్ పంపిస్తే బారిస్టరీ చదువుకొచ్చారు. అక్కడ సెలవురోజు దొరికినా స్నేహితులతో తిరగకుండా అప్పీలు కోర్టు గ్యాలరీలో కూర్చునేవారట. ఒక ముసలి ఇంగ్లీషు జడ్జి రోజంతా కాగితాల మీంచి తలెత్తకుండా వాదనలు వినడం చూసి మురిసిపోయారు. ముద్దాయి మొహం చూస్తే జాలో కోపమో కలుగుతుంది, కాగితం చూస్తే ఆ రెండూ కలగవు. ఇదీ ఆయన ఓడెక్కించి తెచ్చుకున్న చదువు. మద్రాసులో ప్రాక్టీసు, తర్వాత గుంటూరు. రాష్ట్రం ఏర్పడి కోర్టు హైదరాబాదుకి వస్తే పుస్తకాల పెట్టెలతోపాటు మేమూ వచ్చాం. జడ్జి అయ్యాక లాయర్ల ఇళ్ళలో పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. ఎవరైనా దండ వేయబోతే చేత్తో అందుకుని బల్లమీద పెట్టేవారు. కేసున్న మనిషి దారిలో నమస్కారం పెడితే చెట్లకేసి చూసేవారు. అప్పీలులో ముద్దాయిని కోర్టుకి తేవలసిన పని ఉండదు కాబట్టి, ఆయన విడిచిపెట్టినవాళ్ళలోగానీ శిక్ష ఖాయం చేసినవాళ్ళలోగానీ ఒక్కరి మొహమూ ఆయన ఎరగరు. అది తన అదృష్టమని అనుకునేవారు.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో రిటైరయ్యారు. తోటి జడ్జీలు బంజారాహిల్స్‌లో ఇళ్ళు కట్టుకుంటుంటే ఈయన రాయదుర్గం అవతల, ఎవరూ అడగని రాళ్ళ నేల కొన్నారు. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి, మెట్రో వచ్చి ఆగుతోంది. అప్పుడు సీతాఫలం పొదలు, తాటిచెట్లు, ఇళ్ళంత బండలు, రాత్రయితే నక్కలు. నేను సిటీలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. బస్సు రోడ్డు మీద దింపేస్తే అక్కణ్ణించి మట్టిబాటలో నడిచి రావాలి. "ఇంత ప్రశాంతత సిటీలో దొరుకుతుందా?" అనేవారు ఆయన. ప్రశాంతత సంగతి నాకు తెలియదుగానీ కూరగాయలు మాత్రం దొరికేవి కావు.

ఆ ప్రశాంతత కూడా మధ్యాహ్నం దాకానే. మా ఇంటికి ఎదురుగా, అర మైలు అవతల గుట్ట మీద రాళ్ళు కొట్టేవారు. బండకి రంధ్రం తొలిచి పేలుడు మందు కూరేవాళ్ళు. కాల్చేముందు పైన ఒకడు నిలబడి ఎర్రగుడ్డ ఊపుతూ "దూ...రం! దూ...రం!" అని గొంతు చించుకునేవాడు. కింద కంకర కొడుతున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తేవారు. మళ్ళీ ఒక కేక. అప్పుడు ఒత్తికి నిప్పు. పేలుడు మా కిటికీల్ని వణికించేది. కొత్తలో నేను ఉలిక్కిపడేదాన్ని. తర్వాత కేకకి అలవాటుపడి, అది వినగానే పొయ్యిమీది పాలగిన్నె పట్టుకోవడం నేర్చుకున్నాను.

మేం చేరిన మొదటి చలికాలంలో ఒక మనిషి గంపెడు సీతాఫలాలతో గేటు దగ్గరికొచ్చాడు. పొడుగ్గా, శుభ్రంగా, చలవచేసిన ధోవతిలో ఉన్నాడు. ఆ గుట్టని గుత్తకి తీసుకున్న మేస్త్రీ తనే. చెప్పులు గేటు బయటే విడిచి వచ్చి వరండాలో నాన్నగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను గుర్తుపట్టరు సార్. మీరు నన్ను చూడనే లేదు. నేను జైల్ల ఉంటి. మీరు కాయితం మీదనే చూసి ఇడిచిపెట్టిన్రు. దేవుడు గూడ కానరాకుండనే చేస్తడు గద సార్."

నాన్నగారి మొహం బిగుసుకుపోయింది. "నేను ఎవరినీ విడిచిపెట్టలేదు. సాక్ష్యం చాలలేదు, అంతే."

"అదే సార్, గదే. చాలలే." అతను నవ్వాడు. ఎంత మర్యాదగా నవ్వాడో చెప్పలేను.

పళ్ళు తీసుకెళ్ళమన్నారు నాన్నగారు. అతను గంప పట్టుకెళ్ళి గేటు పక్క గోడమీద పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని ఎవరూ తీయలేదు. పళ్ళు మెత్తబడి, పగిలి, చీమలు పట్టాయి. అలాంటివి ఒక్కటి కూడా పోనివ్వని మా పనిమనిషి వాటి వంక చూడకుండా ముంగిలి ఊడ్చుకుంది.

"ఎవరే అతను?" అని ఆమెనే అడిగాను.

"అన్నను సంపిండమ్మా. కేకెయ్యకుండ పేల్చిండు. ఊరందరికి ఎర్కే."

నాన్నగారి దగ్గర ఈ మాట ఎత్తితే, ఆయనకి కేసు మొత్తం గుర్తొచ్చింది. ఊరి పేరు గుర్తులేదు, ఎవరి పేరూ గుర్తులేదు, తీర్పులో ఎన్నో పేరాలో ఏం రాశారో మాత్రం గుర్తుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే గుట్టమీద పనిచేసేవారు, మాటలు లేవు. ఒకరోజు తమ్ముడు మందు పేల్చాడు, కింద ఉన్న అన్న రాళ్ళ కింద పోయాడు. కేక వేశాడని పనివాళ్ళందరూ చెప్పారు. వేయలేదని ఒక్కతే చెప్పింది, పోయినవాడి భార్య. ఆవిడ ఆ సమయంలో ఊరి బావి దగ్గర నీళ్ళు తోడుతోంది. రోజూ వినపడే కేక ఆరోజు వినపడలేదు, పేలుడు మాత్రం వినపడింది అంది. సెషన్స్ జడ్జి అందరి మొహాలూ చూసి ఆవిణ్ణి నమ్మి, యావజ్జీవం వేశాడు. అప్పీలులో నాన్నగారు ఆ శిక్ష కొట్టేశారు. బావి అర మైలు దూరం, గాలి ఎటు వీచిందో తెలియదు, గిలక చప్పుడు ఉండొచ్చు. కేక వినపడలేదన్నంత మాత్రాన కేక వేయలేదని రుజువు కాదు. ఈ వాక్యం లా రిపోర్టుల్లో అచ్చయింది. కుర్ర లాయర్లు దాన్ని కంఠతా పట్టారు. ఆయన దాన్ని మెచ్చుకోలుగా తలచుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

చెప్పడం ముగించారు. తర్వాత పనిమనిషిని పిలిచారు. "ఈ ఊరికి బావులెన్ని?"

"ఒక్కటే సారూ. మన గేటు ముంగట్ది."

ఆయన గేటు వైపు, దాని అవతల గుట్ట వైపు చూశారు.

ఆ తర్వాత నాన్నగారు మధ్యాహ్నం పడుకోవడం మానేశారు. భోంచేసి వరండాలో పడకకుర్చీ వేసుకుని గుట్ట వైపు తిరిగి కూర్చునేవారు. కేక వచ్చేది. ఒకరోజు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని విన్నారు. వచ్చింది. ఇంకోరోజు నన్ను రేడియో పెట్టమన్నారు. వార్తల మధ్యలోంచి వచ్చింది. వానాకాలం గాలి ఎదురు తిరిగి తాటాకులు విరిగిపడుతున్న రోజున కూడా సన్నగానైనా వచ్చింది. బావి గిలక కిర్రుమంటున్నప్పుడు గేటు దాకా నడిచి వెళ్ళి నిలబడ్డారు. నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు ఆయన్ని చూసి కొంగులు సర్దుకున్నారు. అప్పుడూ వచ్చింది.

"ఏమండీ జడ్జిగారూ, సందేహానికి తావుందా?" అన్నాను ఒకసారి, ఎప్పటిలా ఆట పట్టిద్దామని. ఆయన నా వైపు ఒక్క చూపు చూశారు. మళ్ళీ ఆ హాస్యం ఆడలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ వచ్చింది. పోయినవాడి భార్య. నాకంటే పెద్దదేమీ కాదు, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. ఆవిడ ఇంకా ఆ గుట్ట దగ్గరే, మరిది కిందే కంకర కొడుతోంది. చుట్టుపక్కల క్వారీలన్నీ అతని మనుషులవే, వేరే ఎవరూ పనిలో పెట్టుకోరు. వరండా మెట్లెక్కకుండా కింద నిలబడే మాట్లాడింది.

"పాత ముచ్చట కోసం రాలే సారూ. అది అయిపాయె. ఇప్పుడు నన్ను బండ కింద ఏసిండు. అందరు ఉరికినంక గూడ నాకే ఏదో ఒక పని చెప్తడు, గా సుత్తి తే, గా గంప తే అని. నాకు భయమైతుంది. రోడ్డు పక్క కంకర కుప్ప కాడ పనియ్యమని ఒక్క మాట చెప్పున్రి. మీ మాట ఇంటడు."

నాన్నగారు ఆవిడ వైపు చూడలేదు. అలవాటుకొద్దీ చెట్లకేసి చూశారు. "అమ్మా, నీ కేసు నేను విన్నాను. ఇప్పుడు నీతోగానీ అతనితోగానీ దాని గురించి మాట్లాడటం పద్ధతి కాదు. నీకు భయముంటే పోలీసు స్టేషన్లో చెప్పుకో."

"పోలీసోల్లు మిమ్మల్నే అడుగుమన్నరు సారూ. ఆయన మీ మనిషంట గద."

"నా మనుషులంటూ ఎవరూ లేరు" అన్నారు నాన్నగారు. ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆరోజు నేను ఆయనతో పోట్లాడాను. ఒక్క మాటకి మీ నోటి ముత్యాలు రాలిపోతాయా అన్నాను. "ఇవాళ ఆవిడ పక్షాన ఒక మాట చెబితే, ఆనాడు తీర్పు తప్పని ఒప్పుకున్నట్టవుతుంది అమ్మాయ్. విడుదలైన మనిషిని అనుమానించే అధికారం నాకు లేదు" అన్నారు. ఆయన చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

దసరా వచ్చింది. మా కృష్ణా జిల్లాలో కూడా జమ్మిపూజ ఉందిగానీ, ఇక్కడి పద్ధతి వేరు. సాయంత్రం జమ్మి తెచ్చుకుని, ఆ ఆకుని బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, కౌగిలించుకుని అలాయ్‌బలాయ్ తీసుకుంటారు. పెద్దవాళ్ళ ఇళ్ళకి ఊరంతా కదిలి వస్తుంది. నాన్నగారు ఉత్తరీయం వేసుకుని వరండాలో నిలబడ్డారు. ఊరివాళ్ళు వచ్చి చేతిలో ఆకులు పెట్టి కాళ్ళకి దండం పెడుతున్నారు. అంతలో మేస్త్రీ తన పనివాళ్ళందరినీ వెంటేసుకుని, కొత్త బట్టల్లో వచ్చాడు. అందరూ దారిచ్చారు.

"బంగారం తీస్కోన్రి సార్" అని గుప్పెడు ఆకులు నాన్నగారి అరచేతిలో పోశాడు. పోసి, కాళ్ళకి వంగలేదు. రెండు చేతులూ చాచి గట్టిగా కౌగిలించుకున్నాడు, కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. దండని చేత్తో ఆపిన మనిషికి కౌగిలిని ఎలా ఆపాలో తెలియలేదు. పండగపూట, ఊరి ముందు. ఆయన చేతులు కూడా లేచి అతని వీపు మీద పడ్డాయి.

ఆడవాళ్ళ వెనక ఆవిడ నిలబడి ఉంది, చేతిలో జమ్మి రెమ్మతో. చూసింది. రెమ్మని గోడమీద, ఆ సీతాఫలాల గంప పెట్టిన చోటే పెట్టి ఇంటి దారి పట్టింది.

"ఇగ ఆయన్ను ఎవడేమంటడమ్మా! జడ్జిసాబే అలాయ్‌బలాయ్ ఇయ్యవట్టె" అంది మా పనిమనిషి మర్నాడు గిన్నెలు తోముతూ. నేను ఆ మాట తీసుకెళ్ళి నాన్నగారికి అప్పజెప్పాను. ఆరోజు అందరూ అందరినీ కౌగిలించుకుంటారు, కాదంటే అతనికి కొత్తగా శిక్ష వేసినట్టవుతుంది అన్నారు. "అనుమానించే అధికారం లేదన్నారుగా, కౌగిలించుకునే అధికారం ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాను. ఆయన భోజనం చెయ్యకుండా లేచిపోయారు. నాకు జాలి కలగలేదు. ఆవిడ గుడ్డపీలికల వేళ్ళే కళ్ళముందు కదిలాయి.

కొన్నాళ్ళు ఆయన తనలో తాను పోట్లాడుకున్నారు. ఆ మౌనం నాకు తెలుసు, కష్టమైన తీర్పు రాసేముందు అలాగే ఉండేవారు. చివరికి ఒక సాయంత్రం జీవితంలో మొదటిసారిగా తన నియమం తప్పి, మేస్త్రీకి కబురు పెట్టారు. అతను వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. నేను గుమ్మం లోపల ఉన్నాను. నాన్నగారు ఎవరి పేరూ ఎత్తలేదు. బండ కింద పనికి ఆడవాళ్ళని పెట్టడం క్షేమం కాదని, రోడ్డు పక్క పనైతే బాగుంటుందని, ఏదో గనుల నిబంధనల గురించి మాట్లాడుతున్నట్టు చెప్పారు.

అతను చివరిదాకా విన్నాడు. "మీరు చెప్పినంక కాదంటనా సార్. రేపే జరుపుత." ఆగి, మెత్తగా అడిగాడు. "ఎవలన్న వచ్చి చెప్పుకున్నరా సార్ మీకు?"

నాన్నగారు అబద్ధమాడి ఎరగరు. ఎవరూ రాలేదని ఒక్క ముక్క చాలు. అది అనడానికి ఆయనకి నోరు పెగల్లేదు. అవునని కూడా అనలేదు. అతను ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అప్పీలు జడ్జిగా బతుకంతా మొహాలు చూడకుండా గడిపిన మనిషికి, తన మొహం మీద ఏం కనబడుతుందో తెలిసే వీలు లేదు.

"సరే సార్" అని చెప్పులేసుకుని వెళ్ళాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా వచ్చాను. బస్సు దిగేసరికి మట్టిబాట మధ్యలో నాన్నగారు నిలబడి ఉన్నారు. కాళ్ళకి చెప్పులు లేవు. గేటు దాటాలంటే కోటు వేసుకునే మనిషి బనీనుతో ఉన్నారు. గుట్ట వైపు దుమ్ము ఇంకా పైకి లేస్తోంది.

"కేక రాలేదు" అన్నారు. "అమ్మాయ్, కేక రాలేదు. నేను వింటూనే ఉన్నాను. రాలేదు."

ఆవిణ్ణి రాళ్ళ కిందనుంచి తీసేసరికి చీకటి పడింది. రోడ్డు పక్క పనికి మార్చామనీ, మర్చిపోయిన సుత్తి కోసం తనే మళ్ళీ బండ కిందికి వెళ్ళిందనీ మేస్త్రీ మనుషులు చెప్పారు. కేక వేశామని పనివాళ్ళందరూ ఒకే మాటగా అన్నారు. మా పనిమనిషి తనకేమీ ఎరుక లేదంది. రాలేదన్న మనిషి ఒక్కరే, మా నాన్నగారు.

ఆయన సాక్ష్యం చెప్పారు. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే స్టేషన్‌కి వెళ్ళి వాంగ్మూలం ఇచ్చారు, దాని మీదే మేస్త్రీపై కేసు నడిచింది. కోర్టులో సాక్షి బోనెక్కినప్పుడు సెషన్స్ జడ్జి గౌరవంకొద్దీ కుర్చీ వేయించాడు. నాన్నగారు కూర్చోలేదు. కేక రాలేదని, పేలుడు వచ్చిందని, రోజూ వింటానని స్పష్టంగా చెప్పారు. ఆయన గొంతులో సందేహానికి ఎక్కడా తావు లేదు. అలా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. గర్వంతో నాకు కళ్ళు చెమర్చాయి.

ముద్దాయి తరఫు లాయరు కుర్రవాడు. వినయంగా లేచి, చేతిలో లా రిపోర్టు తెరిచి ఒక వాక్యం చదివాడు. కేక వినపడలేదన్నంత మాత్రాన కేక వేయలేదని రుజువు కాదు.

"ఈ తీర్పు తమరు రాసిందేనాండీ?"

"అవును."

"దీన్ని పై కోర్టు ఏదైనా తప్పు పట్టిందాండీ?"

"లేదు. కానీ అది రాసేనాటికి నేను ఆ చోటు చూడలేదు. ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. ఆ బావి మా గేటు ముందుంది. అక్కడికి కేక..."

సెషన్స్ జడ్జి ఇబ్బందిగా కదిలాడు. "క్షమించాలి సార్. తమకి తెలియనిది కాదు. ఆరోజు తమరు విన్నది చెప్పండి, తీర్పు గురించి అభిప్రాయం వద్దు."

నాన్నగారు ఆగిపోయారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఆయన స్థానంలో ఉంటే ఆయనా అదే అనేవారు.

"అయితే ఈ తీర్పు ఇప్పటికీ చట్టమేనాండీ?" అన్నాడు కుర్రవాడు.

నాన్నగారు కుర్రవాడి చేతిలోని పుస్తకం వైపు చూశారు. "చట్టమే."

మేస్త్రీని ఈసారి సెషన్స్ కోర్టులోనే వదిలేశారు, అప్పీలు దాకా వెళ్ళే పని లేకపోయింది. ఆరోజు మెట్లు దిగుతుంటే అతను జనంలోంచి వచ్చి, అందరూ చూస్తుండగా నాన్నగారి కాళ్ళకి దండం పెట్టాడు.

"రెండోపాలి గూడ మీరే బతికిచ్చిన్రు సార్."

నాన్నగారు అతని మొహంలోకి చూశారు. ఒక ముద్దాయిని ఆయన అలా తేరిపార చూడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, తడుముకుంటున్నట్టు ఒక్కో మెట్టే దిగారు.

మర్నాడు మధ్యాహ్నం గుట్టమీంచి కేక వచ్చింది. వంటింట్లో ఉన్న నాకు, ఎసరు మరుగుతున్న చప్పుడులో కూడా, ప్రతి అక్షరం వినపడింది. పాలగిన్నె పట్టుకుని వరండాలోకి తొంగిచూశాను. నాన్నగారు పడకకుర్చీలో రెండు చెవులూ మూసుకుని కూర్చున్నారు.